లెన్‌స్టర్ హౌస్ సైకిలు షెడ్డు నుంచి వెనిస్ హోటలు గది దాకా: ఐర్లాండు నాయకుల ఖర్చులపై జనానికి ఇంత కోపం ఎందుకు?

లూకన్ నివాసి (చర్చ ప్రారంభం, సెప్టెంబర్ 2024)

అందరికీ నమస్కారం. నేను 2021లో ఈ దేశానికి వచ్చాను. ఈ వారమంతా మా ఆఫీసు క్యాంటీనులో ఒక్కటే మాట. డబ్లిన్‌లో పార్లమెంటు భవనమైన లెన్‌స్టర్ హౌస్ ఆవరణలో 36 సైకిళ్లు నిలుపుకోవడానికి కట్టిన షెడ్డుకు దాదాపు 3,36,000 యూరోలు ఖర్చయ్యాయట. అంటే ఒక్కో సైకిలుకు తొమ్మిది వేల యూరోలకు పైనే పడింది. పోనీ దానికి పక్క గోడలైనా ఉన్నాయా అంటే అవీ లేవు. ఈ ఊరి వాన నిలువుగా పడదు, గాలితో కలిసి అడ్డంగా కొడుతుంది కాబట్టి సైకిళ్లు ఎలాగూ తడుస్తాయని నవ్వుకుంటున్నారు.

నాకు ఆశ్చర్యం కలిగించింది ఆ నవ్వు వెనక ఉన్న కోపం. మా జట్టులో యాభై దాటిన ఐరిష్ సహోద్యోగి ఒకాయన ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. అలాంటి ఆయన "వీళ్లకు 2009 ఇంకా బుద్ధి చెప్పలేదు" అని బల్ల మీద కప్పు గట్టిగా పెట్టి వెళ్లిపోయారు. 2009లో జరిగింది ఏమిటి? దేశ బడ్జెటుతో పోలిస్తే లెక్కలోకి రాని ఈ సొమ్ము మీద ఇంత ఆగ్రహం ఎందుకు? ఇక్కడ చాలా కాలంగా ఉంటున్నవారు చెబితే తెలుసుకోవాలని ఉంది.

పాత డబ్లిన్ వాసి

మీ ప్రశ్నకు జవాబు చెప్పే ముందు ఒక చిన్న సవరణ. ఆ షెడ్డు ఏ టీడీ సొంత ఖర్చూ కాదు. (టీడీ అంటే మన ఎంపీ లాంటివారు. దిగువ సభ పేరు డాయిల్, ఎగువ సభ పేరు షానడ్.) దాన్ని కట్టించింది ప్రభుత్వ భవనాలను చూసుకునే ప్రజా పనుల కార్యాలయం. జనం మాత్రం ఈ తేడాను పట్టించుకోవడం లేదు. వాళ్లను తప్పు పట్టడానికి నాకు మనసు ఒప్పడం లేదు, ఎందుకంటే వాళ్ల కోపానికి పాత పద్దు ఒకటి ఉంది.

నేను 2006లో వచ్చాను. అప్పుడు ఎటు చూసినా ఇళ్ల నిర్మాణమే, ఏ వీధి చివర చూసినా క్రేనే. 2008 సెప్టెంబర్ 29 అర్ధరాత్రి దాటాక ప్రభుత్వం పెద్ద బ్యాంకుల అప్పులలో దాదాపు అన్నింటికీ తానే హామీ ఉంటానని ప్రకటించింది, ఆ తరువాత ఏడాదిలోపే దేశం తలకిందులైంది. 2009 జూలైలో ప్రభుత్వం నియమించిన సంఘం ఒకటి 530 కోట్ల యూరోల కోతలు పెట్టాలనీ, ప్రభుత్వరంగంలో 17,300 ఉద్యోగాలు తగ్గించాలనీ నివేదిక ఇచ్చింది. ఎవరి ఉద్యోగం పోతుందో, ఎవరి పింఛను తగ్గుతుందో అని ఇంటింటా గుబులుగా ఉన్న ఆ నెలలోనే సండే ట్రిబ్యూన్ పత్రిక విలేకరి కెన్ ఫాక్స్, సమాచార హక్కు చట్టం కింద తీసుకున్న కాగితాలను బయటపెట్టడం మొదలుపెట్టారు. అవి అప్పటి డాయిల్ స్పీకర్ జాన్ ఓడొనహ్యూ అంతకు ముందు కళలు, క్రీడలు, పర్యాటక శాఖల మంత్రిగా ఉన్నప్పుడు చేసిన ప్రయాణాల బిల్లులు. కాన్ చిత్రోత్సవానికి ప్రభుత్వ జెట్ విమానం, చెల్టెన్‌హామ్ గుర్రప్పందాలు, వెనిస్‌లో రాత్రికి 900 యూరోల హోటలు గది అందులో ఉన్నాయి. వీటన్నింటికంటే జనం నోట నానింది మాత్రం చాలా చిన్న పద్దు. లండన్ హీత్రూ విమానాశ్రయంలో ఒక టెర్మినల్ నుంచి మరో టెర్మినల్‌కు వెళ్లడానికి మాట్లాడుకున్న కారుకు 472 యూరోలు అయ్యాయి.

ఆయన స్పీకర్ కాబట్టి పార్టీ రాజకీయాలకు అతీతంగా ఉండాలి, టీవీలో కూర్చుని వాదించుకోవడానికి పదవి అడ్డు వచ్చింది. సభ్యులకు లేఖ రాసి విచారం తెలిపారు గాని ఫలితం లేకపోయింది. అక్టోబర్ 6న లేబర్ పార్టీ నాయకుడు ఈమన్ గిల్మోర్ నిండు సభలో, స్పీకర్ ముఖం మీదే, మీరు తప్పుకోవాలి, లేదంటే తప్పించాల్సి వస్తుందని చెప్పారు. ఆ రాత్రికే రాజీనామా ప్రకటన వచ్చింది. ఈ దేశ చరిత్రలో ఆ విధంగా ఒత్తిడికి దిగిపోవాల్సి వచ్చిన మొదటి స్పీకర్ ఆయనే. 2011 ఎన్నికలలో దక్షిణ కెర్రీ ఓటర్లు ఆయనను ఇంటికి పంపారు.

అంకెల మనిషి

పాత డబ్లిన్ వాసి గారు చెప్పిన వివరాలతో నాకు పేచీ లేదు. పేచీ అంతా ఆ కోపం దిక్కు మీదే. బ్యాంకులను నిలబెట్టడానికి ఈ దేశం పెట్టిన సొమ్ము 6,400 కోట్ల యూరోలు. ఓడొనహ్యూ గారు రోజూ ఒక వెనిస్, పూటకొక హీత్రూ చొప్పున నూరేళ్లు తిరిగినా ఆ మొత్తంలో వందో వంతుకు చేరుకోలేరు. ఏనుగు పోయిన దారి వదిలేసి చీమ పోయిన దారి వెతికినట్టుంది వ్యవహారం. నా అనుమానం ఏమిటంటే, సామాన్యుడికి వందల కోట్లు ఊహకు అందవు, 472 యూరోలు అందుతాయి. అందినదాని మీద కోపం తీర్చుకుంటాడు. పత్రికలకూ అదే సులువు. బ్యాంకు ఆస్తి అప్పుల పట్టీ కంటే హోటలు బిల్లు చదవడం తేలిక కదా.

పాత డబ్లిన్ వాసి

అంకెల మనిషి గారూ, మీ లెక్క సరైనదే. అయితే ఆ 472 యూరోలను ఇంకో అంకె పక్కన పెట్టి చూడండి. 2009లో ఉద్యోగం పోయిన మనిషికి ప్రభుత్వం వారానికి ఇచ్చిన భృతి 204 యూరోల 30 సెంట్లు. అంటే రెండు టెర్మినళ్ల మధ్య కారు ఎక్కి దిగడానికి అయిన ఖర్చుతో ఒక నిరుద్యోగి రెండు వారాలు తినవచ్చు, ఇంకా కొంత మిగులుతుంది. ఆ డిసెంబర్ బడ్జెటులో ఆ భృతిని 196 యూరోలకు తగ్గించారు, ఇరవై, ఇరవై ఒకటి ఏళ్ల పిల్లలకు కొత్తగా దరఖాస్తు చేస్తే వంద యూరోలే అన్నారు, భృతి మీద బతికేవారికి క్రిస్మస్‌కు ఇచ్చే అదనపు వారం సొమ్మును కూడా ఆ ఏడాదే ఎత్తేశారు. ఆ వరుసలో నిలబడి ఆ నెలల్లో నేను కూడా ఆ సొమ్ము తీసుకున్నాను. బ్యాంకుల గురించి మాకు కోపం లేదని మీరు అనుకోకండి. బ్యాంకుల కోసం పొదుపు చేయమని మాకు నీతులు చెప్పినవారు ఏ కారులో వెళ్లారన్నదే మా ప్రశ్న.

ట్రెజరీ తాతయ్య

పిల్లలూ, నేను కార్క్‌లో మా అమ్మాయి దగ్గరకు వచ్చి ఆరు నెలలైంది. నెల్లూరు జిల్లాలో సబ్ ట్రెజరీలలో ముప్ఫై మూడేళ్లు పనిచేసి, ఎన్ని వేల టీఏ (ప్రయాణ భత్యం) బిల్లులు చూశానో నాకే తెలియదు. అందువల్ల ఈ చర్చ నాకు పెన్షను తరువాత దొరికిన పండుగలా ఉంది.

మా దగ్గర బిల్లు పాసు కావాలంటే ముగ్గురు వేరు వేరు మనుషులు ఉండాలి. ప్రయాణం చేసినవాడు ఒకడు, టూర్ డైరీ చూసి సంతకం పెట్టే పై అధికారి ఒకడు, కాగితం పట్టుకుని అభ్యంతరం రాసే మా బోటివాడు ఒకడు. దొంగతనాలు జరగలేదని నేను అనను, జరిగాయి. ఎక్కువగా జరిగేది ఏమిటంటే, మనిషి ఉండేది టౌనులో, కాగితం మీద హెడ్ క్వార్టర్స్ ఇరవై మైళ్ల అవతల పల్లెటూరు. రోజూ అక్కడి నుంచి వచ్చినట్టు కిలోమీటర్లు రాస్తారు. నేను ఇలాంటి బిల్లు వెనక్కి పంపినందుకు ఒక ఆఫీసరు నాతో రెండేళ్లు మాట్లాడలేదు.

మా అమ్మాయి నిన్న ఐవర్ కాలెలీ అనే మాజీ సెనెటర్ (షానడ్ సభ్యుడు) సంగతి చదివి వినిపించింది. నాకు నెల్లూరు గుర్తొచ్చి నవ్వు ఆగలేదు. ఆయన రాజకీయమంతా డబ్లిన్‌లోని క్లాంటార్ఫ్ చుట్టూ నడిచింది. షానడ్ ప్రయాణ భత్యం కోసం మాత్రం తన నివాసం వెస్ట్ కార్క్‌లో, దేశానికి నైరుతి కొసన ఉన్న ఇల్లని చూపి, 80 వేల యూరోలకు పైగా తీసుకున్నారు. 2010లో షానడ్ ఆయనను ఇరవై పనిదినాలు సస్పెండ్ చేసింది. ఆయన హైకోర్టుకు వెళ్లి 2011లో గెలిచారు, 2014లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. అదే ఏడాది ఆయనకు అయిదు నెలల జైలు శిక్ష పడింది. అయితే జైలుకు పంపింది ఈ ఎనభై వేలు కాదు. మొబైల్ ఫోను పరికరాలు కొన్నట్టు దొంగ ఇన్‌వాయిస్‌లు పెట్టి తీసుకున్న 4,207 యూరోలు. నా సర్వీసులో నేను నేర్చుకున్నదీ అదే. బిల్లు పెట్టమని అడిగిన చోటే దొంగ బిల్లు దొరుకుతుంది. బిల్లే అడగని చోట దొంగతనమన్న మాటే పుట్టదు.

లెటర్‌కెన్నీ నర్సు

తాతయ్య గారికి నమస్కారాలు. మీ మాటలు బాగున్నాయి గాని, డబ్లిన్ వాళ్లందరూ మరచిపోయే ఒక సంగతి చెప్పాలి. నేను ఉండేది డొనెగాల్ జిల్లాలో. ఈ జిల్లా మొత్తానికి ఒక్క రైలు పట్టా కూడా లేదు. డబ్లిన్ వెళ్లాలంటే బస్సులో నాలుగు గంటలు పడుతుంది, దారిలో సరిహద్దు దాటి ఉత్తర ఐర్లాండులోకి వెళ్లి మళ్లీ ఇటు రావాలి. మా టీడీలు వారంలో సగం రోజులు అక్కడ గది తీసుకుని ఉండాలి, శుక్రవారానికి తిరిగి వచ్చి ఇక్కడ జనాన్ని కలవాలి. గోతులు పడిన రోడ్డు గురించి గాని, ఆసుపత్రి అపాయింట్‌మెంటు గురించి గాని వాళ్ల ఆఫీసు గడప తొక్కని కుటుంబం ఇక్కడ లేదంటే అతిశయోక్తి కాదు. నేను కూడా నా వీసా కాగితాల విషయంలో ఒకసారి వెళ్లి సహాయం పొందాను.

ప్రయాణ భత్యం ఇవ్వకపోతే ఏమవుతుంది? డబ్లిన్‌లో సొంత ఇల్లు ఉన్నవాడో, తాతల ఆస్తి ఉన్నవాడో మాత్రమే రాజకీయాలలో నిలబడగలడు. జనం కోపంలో ఈ తేడా చెరిగిపోతోందని నా బాధ. బస్సు ఛార్జీ అడిగినవారినీ వెనిస్‌లో పడుకున్నవారినీ ఒకే గాటన కట్టి "అందరూ దొంగలే" అనేస్తే, నిజంగా తిన్నవారికి అంతకు మించిన రక్షణ ఇంకొకటి ఉండదు.

పాత డబ్లిన్ వాసి

అమ్మా, మీరు చెప్పినదానితో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. 2010 సంస్కరణ కూడా ఈ చిక్కు విప్పడానికే వచ్చింది, కాకపోతే ఒక ముడి విప్పి ఇంకో ముడి వేసింది. అంతకు ముందు టీడీలు మైళ్ల లెక్కన, రాత్రి బసల లెక్కన విడివిడిగా అడిగేవారు. 2010 మార్చి నుంచి డాయిల్‌కు ఇంటికి మధ్య దూరాన్ని బట్టి తరగతులు పెట్టి, ఆ తరగతికి నిర్ణయించిన మొత్తాన్ని నెలనెలా ఇవ్వడం మొదలుపెట్టారు. బస్సులో వెళ్లినా, కారులో వెళ్లినా, స్నేహితుడి ఇంట్లో పడుకున్నా సొమ్ము అదే, రసీదు అవసరం లేదు. నియోజకవర్గం ఆఫీసు ఖర్చులకు వేరే భత్యం పెట్టారు. అందులో మొదట ఒక వింత వెసులుబాటు ఉండేది. రసీదులు దాచి చూపించే టీడీకి ఏడాదికి 25,700 యూరోల దాకా ఇస్తారు, రసీదుల గొడవ వద్దనుకునే టీడీకి 15,000 ఊరికే ఇస్తారు! ఈ రెండో దారిని తరువాత మూసివేశారు.

ప్రయాణ భత్యం పూర్తిగా రావాలంటే ఏడాదికి 120 రోజులు హాజరు వేయించుకోవాలి, తగ్గిన ప్రతి రోజుకూ ఒక శాతం కోత పడుతుంది. హాజరు వేయడానికి చేతిలో చిన్న ఎలక్ట్రానిక్ బిళ్ల ఉంటుంది, దాన్ని యంత్రానికి ఆనించాలి. ఆనించినవారు సభలో కూర్చున్నారా, అరగంటలో విమానాశ్రయానికి బయలుదేరారా అన్నది ఆ యంత్రానికి తెలియదు. 2019 చివర కార్క్ టీడీ డారా మర్ఫీ వ్యవహారంలో ఈ లోపం బట్టబయలైంది. ఆయన 2017 నుంచి బ్రస్సెల్స్‌లో ఐరోపా స్థాయి పార్టీ ఒకదానికి పనిచేస్తూ డాయిల్‌లో అరుదుగా కనిపించేవారు, అయినా టీడీ జీతం, భత్యాలు అందుతూనే ఉన్నాయి. పత్రికలలో గగ్గోలు పుట్టాక ఆ డిసెంబర్‌లో రాజీనామా చేసి, మళ్లీ బ్రస్సెల్స్‌లోనే కొత్త కొలువుకు వెళ్లిపోయారు.

అంకెల మనిషి

నన్ను కాస్త మెత్తబరిచిన సంగతి ఒకటి ఒప్పుకోవాలి. పాత చరిత్ర తిరగేస్తుంటే చార్లెస్ హాహీ దగ్గర ఆగిపోయాను. ఆయన 1980 జనవరిలో ప్రధానమంత్రిగా టీవీలో కూర్చుని, దేశం తన స్తోమతకు మించి బతుకుతోందని ప్రజలను మందలించారు. తరువాత మొరియార్టీ విచారణ సంఘం 2006లో ఇచ్చిన నివేదికలో తేలినది ఏమిటంటే, పార్టీ నడపడానికి ప్రజాధనం నుంచి వచ్చే నాయకుడి భత్యంలోంచి ఆయన సొంత ఖర్చులకు వాడుకున్నారు. పారిస్‌లోని షార్వే దుకాణంలో కుట్టించుకున్న చొక్కాల డబ్బు ఆ ఖాతాలోంచి వెళ్లింది. ఆ ఖాతా చెక్కుల మీద రెండో సంతకం చేయాల్సిన బర్టీ అహెర్న్, వీలుగా ఉంటుందని, ఖాళీ చెక్కుల మీద ముందుగానే సంతకాలు పెట్టి ఇచ్చేవారు. ఆయన కూడా తరువాత ప్రధాని అయ్యారన్నది మీకు తెలిసిందే. ట్రెజరీ తాతయ్య గారికి ఇది చదివితే రక్తపోటు పెరుగుతుందేమో, జాగ్రత్త.

కాబట్టి నా మొదటి మాటను కొంత సవరించుకుంటున్నాను. సొమ్ము చిన్నదన్నది నిజమే. కానీ 2008లో బ్యాంకులకు హామీ రాసిచ్చినదీ ఖాళీ చెక్కే కదా. చిన్న ఖాతాలో ఉన్న అలవాటే పెద్ద ఖాతాలోనూ ఉంటుందని జనం అనుకుంటే, దాన్ని అమాయకత్వం అని నేను ఇక అనలేను. అయినా ప్రతి బిల్లుకూ పత్రికల మొదటి పేజీ ఇవ్వడం నాకు ఇప్పటికీ నచ్చదు.

లెటర్‌కెన్నీ నర్సు

ఖాళీ చెక్కు మాట బాగుంది. అయితే ఓడొనహ్యూ గారు చివరి దాకా చెప్పుకున్నది, తాను ఏ నిబంధననూ ఉల్లంఘించలేదని. అది అబద్ధం కూడా కాదనుకుంటాను. మరి నిబంధన ప్రకారం నడుచుకున్న మనిషిని ఎందుకు దించారు? నాకు ఇది ఇప్పటికీ పూర్తిగా కొరుకుడు పడలేదు.

ట్రెజరీ తాతయ్య

మంచి ప్రశ్న వేశావమ్మా. నేను రాత్రి దీని గురించే ఆలోచించాను. మా అమ్మాయిని అడిగితే, ఇక్కడ పార్లమెంటు ఉభయ సభల ఖర్చులు చూడడానికి ఒక కమిషన్ ఉందనీ, దానికి అధ్యక్షుడు ఎవరంటే డాయిల్ స్పీకరేననీ చెప్పింది. అంటే బిల్లుల మీద అభ్యంతరం రాయాల్సిన కుర్చీలో, అందరికంటే పెద్ద బిల్లులు పెట్టిన పేరున్న మనిషి కూర్చున్నాడు. ఆయన నిబంధన తప్పలేదనడం సరే. ఆ నిబంధనలు రాసుకున్నది ఎవరు? మా రోజుల్లో తహశీల్దారు తన టీఏ రేటు తానే నిర్ణయించుకుని, తన బిల్లు తానే పాసు చేసుకుంటానంటే ఊరు ఊరుకునేదా? ఇక్కడి జనానికి కోపం తెప్పించింది నియమం తప్పడం కాదు, ఆ నియమమే. "అంతా రూల్స్ ప్రకారమే జరిగింది" అన్న ప్రతిసారీ ఆయన తన మెడకు తానే ఉరి బిగించుకున్నారు.

ఇంకో మాట. ఆ కాగితాలు బయటికి వచ్చింది విలేకరి అడిగితే. ఆడిట్ వాళ్లు పట్టుకుంటే కాదు. వృత్తి రీత్యా నాకు అది సిగ్గుగా ఉంది, ఏ దేశం ఆడిట్ అయినా సరే.

లూకన్ నివాసి

ఇంత ఓపికగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. మా సహోద్యోగి కప్పు ఎందుకు అంత గట్టిగా పెట్టారో ఇప్పుడు అర్థమైంది. నిన్న ఆయనతో మాట్లాడాను. 2009లో ఆయన తమ్ముడు భవన నిర్మాణంలో పని పోయి ఆస్ట్రేలియా వెళ్లిపోయాడట, ఇప్పటికీ అక్కడే ఉన్నాడట. సైకిలు షెడ్డు లెక్క చెబుతూ ఆయన తమ్ముడి సంగతిలోకి ఎప్పుడు వెళ్లారో నాకు తెలియలేదు. నా జీతం చీటీలో ప్రతి నెలా యూఎస్‌సీ (యూనివర్సల్ సోషల్ ఛార్జ్) అని కోత పడుతుంది, అది కూడా ఆ సంక్షోభం పేరు చెప్పి 2011లో పెట్టిన పన్నేనని ఆయనే చెప్పారు. ఇన్నాళ్లూ అదేమిటో తెలియకుండానే కడుతున్నాను.

ఒక ప్రశ్న మిగిలింది. మన ప్రాంతపు టీడీ ఎంత తీసుకుంటున్నారో మనలాంటివాళ్లు చూడవచ్చా? నాకు పౌరసత్వం లేదు.

పాత డబ్లిన్ వాసి

చూడవచ్చు, దానికి పౌరసత్వంతో పని లేదు. పార్లమెంటు వెబ్‌సైటులో సభ్యుల పేర్ల వారీగా నెలనెలా చెల్లించిన భత్యాలు పెడతారు. అక్కడ లేనిది కావాలంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ చట్టం 1997లో వచ్చింది, 2003లో దరఖాస్తుకు 15 యూరోల రుసుము పెట్టి జనాన్ని బెదరగొట్టారు, 2014 చట్టంతో ఆ రుసుము పోయింది. ఓడొనహ్యూ కాగితాలు రుసుము ఉన్న రోజుల్లో బయటికి వచ్చినవని గుర్తుంచుకోండి. ఆ వార్త రాసిన సండే ట్రిబ్యూన్ మాత్రం 2011లో మూతపడింది. ఓటు సంగతి అంటారా, డాయిల్ ఎన్నికలలో మనకు లేదు గాని స్థానిక ఎన్నికలలో ఇక్కడ నివసించే ఎవరైనా వేయవచ్చు. ఈ జూన్‌లో మా వీధిలో నాలుగు తెలుగు కుటుంబాలు వేశాయి.

ట్రెజరీ తాతయ్య

మీరు చెప్పిన వెబ్‌సైటును మనవరాలి చేత ఇప్పుడే తెరిపించాను. పేరు ఉంది, నెల ఉంది, దూరపు తరగతి ఉంది, చెల్లించిన మొత్తం సెంట్లతో సహా ఉంది. పట్టిక చాలా శుభ్రంగా వేశారు, మెచ్చుకోవాలి. కుడి చివర దాకా జరిపి చూశాను, కింది దాకా దింపి చూశాను. బిల్లు మీద అభ్యంతరం రాసే గడి మాత్రం నాకు కనబడలేదు. అది ఏ పేజీలో ఉందో తెలిసినవారు చెబితే, ఆదివారం మధ్యాహ్నం భోజనం చేశాక తీరిగ్గా కూర్చుని చదువుతాను.